ఇంట్లో నేనొక్కడినే అన్నాను

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. మార్చి నెల. హిందూపురం ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ మందులిచ్చే గది. సరళ అనే ఆరోగ్య కార్యకర్త నా కఫం పరీక్ష ఫలితం చూసి, మాత్రలు ఎలా మింగాలో చెప్పి, చివర్న "ఇంట్లో ఎవరెవరుంటారన్నా?" అని అడిగింది.

"నేనొక్కడినే" అన్నాను.

నేను ఆ మాట అంటున్నప్పుడు ధర్మవరంలో మా ఇంట్లో నా భార్య పద్మ గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని పట్టుచీర నేస్తూ ఉంది. చలికాలం నుంచీ నేను ఆమె పక్కనే కూర్చుని, కండెలకు పట్టు చుడుతూ దగ్గుతున్నాను. ఎండుగాలి తగిలితే పోగు తెగుతుందని మా మగ్గం గదిలో కిటికీలు తెరవం. నేను వదిలిన గాలే ఆమె పీల్చింది.

సరళ నన్ను తేరిపార చూసింది. "మరి వంటెవరు చేస్తారు నీకు?"

"నేనే. మిలటరీలో చేసొచ్చినోన్ని మేడమ్. అన్నీ వస్తాయి."

"సరే అన్నా. కానీ ఒక మాట. మాత్రలు మొదలుపెట్టకముందు నీ పక్కన కూర్చున్నోళ్లు, నీతో ఉన్నోళ్లు ఎవరున్నా పరీక్ష చేయించల్ల. ముందే పట్టుకుంటే మాత్రలతో పోతుంది. ముదిరినాక పట్టుకుంటే మా చేతుల్లో ఉండదు. ఎవరన్నా గుర్తొస్తే చెప్పు."

"ఎవరూ లేరు" అన్నాను.

చిరునామా అడిగింది. పెనుకొండలో నా స్నేహితుడు ఓబులేసుకున్న పంక్చరు కొట్టు చిరునామా చెప్పాను. మాత్రలు సంచిలో వేసుకుని, నేను పగటిపూట కాపలా కాసే ఫ్యాక్టరీకి పోయాను. అబద్ధం చెప్పినందుకు నాకప్పుడు సిగ్గు కలగలేదు. అది చెబితే ఎవరూ నమ్మకపోవచ్చు. ఒక పద్ధతి ప్రకారం నడుచుకున్నాననే అనిపించింది.

ఆ పద్ధతి ఏమిటో చెప్పాలి.

ధర్మవరం పద్మ పుట్టినూరు. మాది పెనుకొండ. మగ్గం మీద బతికిన ఇల్లు. ఇరవై ఏళ్లు నిండకముందే నేను సైన్యంలో ఇంజనీర్ల దళంలో చేరాను. పేరుకే ఇంజనీర్లం. దాడికి పోయే సిపాయిల కన్నా ముందు పోయి దారి చేసేవాళ్లం. వాగు మీద వంతెన వేయాలన్నా, కొండ మీద బాట తొలచాలన్నా, శత్రువు పాతిన మందుపాతరలు తీయాలన్నా మా పనే. ఓబులేసుది గోరంట్ల పక్క పల్లె. శిక్షణలో పరిచయమై, ఆ తరువాత ఎక్కడికి పంపినా కలిసే ఉన్నాం.

మందుపాతరల పనిలో మాకు మొట్టమొదట నేర్పిన నియమం ఒకటుంది. మైను దగ్గర ఒక్కడే ఉండాలి. సాయానికని ఇంకొకడు దగ్గరికి పోకూడదు. మిగతా అందరూ దూరంగా నేలకు కరుచుకుని ఉండాలి. పేలితే ఒక్కడితో పోవాలి.

కార్గిల్ యుద్ధంలో ఒక వాలు మీద దాడికి పోయిన మన సిపాయిలు మందుపాతరల మధ్య చిక్కుకున్నారు. ముందుకు పోలేరు, వెనక్కి రాలేరు. ఒక జవాను కాలు తెగి రాళ్ల సందున పడి అరుస్తున్నాడు. ఎదుటి శిఖరం మీది నుంచి ఫిరంగి గుండ్లు వస్తున్నాయి. ఆ మైన్లు ప్లాస్టిక్‌వి, లోహాన్ని పసిగట్టే యంత్రానికి దొరకవు. చేత్తో వెతకాల్సిందే. పొట్ట మీద పడుకుని, సన్నటి ఇనుప చువ్వను ఏటవాలుగా నేలలోకి గుచ్చాలి. గట్టిగా ఏదైనా తగిలితే ఆగి, వేళ్లతో మట్టి తొలగించాలి. అలా జానెడు జానెడు జరగాలి.

ఎవరు పోతారని మా సుబేదారు అడిగే లోపే ఓబులేసు చేతి తొడుగులు తీసేసి ఉన్నాడు. ఆ చలిలో తొడుగులు లేకపోతే వేళ్లు కొయ్యబారతాయి. ఉంటే మట్టి కింద ఏముందో వేలికి తెలియదు. వేళ్లు నోట్లో పెట్టుకుని ఊదుకుంటూ నాతో, "రేయ్ రామాంజీ, నాకేమన్నా అయితే మాయమ్మతో చలికి సచ్చిపోయినాడని చెప్పు. చూసి నడసల్లని చిన్నప్పట్నించీ చెప్తానే ఉండాది. మైను తొక్కినానంటే ఈడికొచ్చి కొడతాది" అన్నాడు. నడుముకు సన్నతాడు కట్టుకుని, రెండో కొస నా చేతికిచ్చి, పాకాడు.

గుండు పడినప్పుడల్లా రాళ్లు లేచి అతని వీపు మీద కురిసేవి. తల ఎత్తేవాడు కాదు. గుచ్చేవాడు, ఆగేవాడు, మట్టి తీసేవాడు, మైను పక్కకు పెట్టి మళ్లీ గుచ్చేవాడు. ఇంట్లో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నవాడిలా ఉండేది ఆ పని చూస్తుంటే. నేను చాలా వెనక తాడు వదులుతూ, అతను శుభ్రం చేసిన మేరకు తెల్ల పట్టీ పరుస్తూ వచ్చాను. జవానును చేరుకున్నాడు. తెగిన కాలికి గుడ్డ బిగించి, చంకల కింద చేతులు వేసి వెనక్కి లాక్కొస్తున్నాడు. సగం దారిలో దగ్గరగా గుండు పడింది. జవాను మెలికలు తిరిగి పట్టీ మీది నుంచి పక్కకు దొర్లబోయాడు. అతణ్ణి లోపలికి నెట్టడంలో ఓబులేసు ఎడమ మడమ పట్టీ దాటింది.

తాడు వెంబడి పోయి ఇద్దరినీ ఒకరి తరువాత ఒకరిని నేను లాక్కొచ్చాను. ఓబులేసు కాలు మోకాలి కింద తీసేశారు. జవాను బతికాడు. చిక్కుకున్నవాళ్లంతా ఆ పట్టీ మీదనే బయటికొచ్చారు. మరుసటి దాడి ఆ దారినే పైకి పోయింది.

క్షయ అని తెలిసిన రోజు నా బుర్రలో ఆ నియమం ఒక్కటే మెదిలింది. ఇది నా మైను. నేనొక్కడినే దీని దగ్గరుండాలి. పద్మకు చెబితే భయపడుతుంది, ఆమెకు చక్కెర జబ్బు కూడా ఉంది. చెప్పకుండా ఆరు నెలలు మాత్రలు మింగి, నయమయ్యాక నవ్వుతూ చెప్పేద్దాం అనుకున్నాను.

ఇదంతా సగం నిజమే. మిగతా సగం ఇంకా చిన్నది. ఆగస్టు పదిహేనున మా వీధి బడిలో నాచేత జెండా ఎగరేయిస్తారు. మా అల్లుడి ఇంట్లో నా యూనిఫాం ఫోటో పెట్టుకున్నారు. మిలటరీ రామాంజికి క్షయ అంట అన్న మాట వీధిలో పుట్టడం నాకిష్టం లేదు. మంచి నియమం దొరికింది కాబట్టి దాని కింద ఈ భయాన్ని దాచుకున్నాను.

వేసవంతా నటిస్తూ గడిపాను. మాత్రలు ఫ్యాక్టరీ గేటు దగ్గర నా పెట్టెలో ఉండేవి. ధర్మవరం నుంచి హిందూపురానికి రైలులో పోయి రావడం ఎలాగూ నా రోజువారీ పని. పోగానే మింగేవాణ్ణి. మింగిన కాసేపటికి కడుపులో దేవినట్టు ఉండేది. మూత్రం కాషాయం రంగులో వస్తే మొదటిసారి గుండె జారిపోయింది. మాత్రల రంగేనని సరళ ముందే చెప్పిన సంగతి ఆ తరువాత గుర్తొచ్చింది. ఇంట్లో ఉక్కపోస్తోందని మిద్దె మీద పడుకునేవాణ్ణి. నా కంచం, నా చెంబు విడిగా పెట్టుకున్నాను. "ఇదేంది కొత్తగా?" అని పద్మ అడిగితే మిలటరీ అలవాటన్నాను. ఇన్నేళ్ల తరువాత గుర్తొచ్చిందా అని నవ్వింది.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నవాణ్ణి సాయంత్రం కాగానే మగ్గం గదిలోకి పోయి ఆమె పక్కన కూర్చునేవాణ్ణి. కూర్చోకపోతే అనుమానపడుతుందని. మాత్రలు పనిచేస్తున్నాయి కాబట్టి ఇక అంటదనీ నాకు నేనే చెప్పుకున్నాను. అప్పటికే అంటి ఉండవచ్చన్న ఆలోచనను దగ్గరికి రానీయలేదు.

మే నెలలో మందుల కోసం పోయినప్పుడు ఆసుపత్రి వరండా బెంచీ మీద నా పక్కన మడకశిర వైపు గొర్రెల కాపరి ఒకాయన కూర్చున్నాడు. ఆయనకు జబ్బు. వెంట భార్య, ఇద్దరు కొడుకులు, కోడలు, చంకలో పిల్ల. వరండా అంతా వాళ్లే.

"ఇంతమంది ఎందుకొచ్చినారు?" అని అడిగాను.

"అందరూ ఒకే కప్పు కింద పండుకుంటాము గదప్పా. యెవురికి తగులుకునిందో యెవురికి తెలుసు? ఆ యమ్మ రమ్మనింది, వచ్చినాము. గొర్రెలను పక్కింటోళ్లకు అప్పజెప్పి వచ్చినాము." నా వెనక్కి తొంగి చూశాడు. "నీతో యెవురూ రాలేదా?"

"ఎవరూ లేరు."

ఆయన భార్య మూట విప్పి, రాగిముద్ద తుంచి, ఊరుబిండి పచ్చడి పెట్టి నా చేతిలో ఉంచింది. "తినప్పా. వట్టి కడుపున ఆ మాత్రలు మింగితే తిప్పుతాది" అంది. తిన్నాను. ఆ వరండాలో అందరికన్నా దిక్కులేనివాణ్ణి నేనేనని ఆమె జాలి. నా కోసం పద్మ కట్టిన చిత్రాన్నం డబ్బా నా సంచిలోనే ఉంది.

ఆగస్టులో పెళ్లిళ్ల చీరల పని ఎక్కువ. పద్మ తెల్లవారి మగ్గంలోకి దిగితే దీపాలు పెట్టే వేళకు లేచేది. నా దగ్గు తగ్గింది, కాస్త ఒళ్లు పట్టింది. ఆమె దగ్గడం మొదలుపెట్టింది. మొదట పొడిదగ్గు. తరువాత పోగు బిగించే పలక కొట్టేటప్పుడు మధ్యలో ఆగి, రొమ్ము పట్టుకుని దగ్గేది.

"పట్టు దుమ్ము" అన్నాను.

"పుట్టినకాణ్నుంచి ఈ దుమ్ములోనే ఉండా. ఇప్పుడేమొచ్చె దీనికి?" అంది. మళ్లీ దగ్గి, కళ్లు తుడుచుకుని, "నీ దగ్గు నాకిచ్చి నువ్వు బాగైనావు సూడు" అని నవ్వింది.

నాకు ఆ క్షణాన తెలిసిపోయింది. అనుమానం కాదు, తెలిసింది. కండె నా చేతిలోంచి జారి మగ్గం గుంటలో పడింది. పద్మే దాన్ని తీసి నాకిచ్చింది.

అప్పుడైనా చెప్పలేదు. మందుల షాపుకు పోయి దగ్గు సిరప్పు తెచ్చాను. ఇంకొన్ని వారాల్లో నా కోర్సు అయిపోతుంది, అప్పుడు ఇద్దరికీ కలిపి చెప్పుకోవచ్చు అనుకున్నాను. ఇది చదివేవాళ్లు ఎవరైనా నన్ను క్షమించగలిగితే మార్చి నెల అబద్ధాన్ని క్షమించవచ్చు. ఆగస్టు సిరప్పును నేనే క్షమించుకోలేకపోతున్నాను. రాత్రి పూట రెండు మూతలు నేనే కొలిచి తాగించేవాణ్ణి. తియ్యగా ఉందని ఆమె మూతి ముడుచుకునేది.

వినాయక చవితి అయిన వారంలో ఓబులేసు ఫోన్ చేశాడు. నేను రైల్లో ఇంటికి వస్తున్నాను.

"యాడుండావు?"

"పెనుకొండ వస్తాంది."

"దిగు" అని పెట్టేశాడు.

బస్టాండు దగ్గర అతని కొట్టు. నేను పోయేసరికి పెట్టుడు కాలు విప్పి పక్కన ఆనించి, లారీ ట్యూబు ఒళ్లో పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు.

"రాప్పా, కూర్చో. నీ కొట్టే గదా. గవర్నమెంటోళ్ల లెక్కలో నువ్వు ఈడనే కాపురముండావంట. పొద్దున ఒక యమ్మ వచ్చి రామాంజనేయులు ఉండాడా, మాత్రలు సరిగ్గా మింగుతాండాడా అని అడిగె. మా ఇంటిది, యా మూల పండుకుంటాడు ఆ యప్ప, నాకెప్పుడూ కనపడలేదే అనె."

నేను నవ్వబోయాను. అతను నవ్వలేదు.

"పద్మకు చెప్పినావా?"

"లేదు."

"దగ్గుతాందా?"

పక్కనున్న టైరు మీద కూర్చున్నాను.

"దగ్గుతాందా అని అడిగితి."

"దగ్గుతా ఉండాది."

ట్యూబు కింద పెట్టాడు. నేను నా నియమం ఎత్తాను. మైను దగ్గర ఒక్కడే కదా ఉండాల్సింది, నీకు తెలియనిదా అన్నాను. నా గొంతు నాకే నీచంగా వినిపించింది.

"గమ్మునుండు. ఒక్కణ్నే పోతినా నేను ఆ పొద్దు? నా నడుముకు కట్టిన తాడు యెవుని చేతిలో ఉండె? నేను యాడుండేది నీకు తెలుసు, సుబేదారుకు తెలుసు, వెనక పండుకున్న ప్రతి నాకొడుక్కీ తెలుసు. తెలుసు కాబట్టే యెవడూ పట్టీ దాటలేదు. నువ్వేం జేసినావురా? మైను జేబులో ఏసుకొని పోయి పెండ్లాం పక్కన కూర్చుంటివి. మళ్లా దానికి నియమమంట."

"నాకు భయమాయెరా."

"నాకు కాలేదా? నిక్కరు తడుపుకున్నా ఆ పొద్దు. కాలు కోసేటప్పుడు ఆ నిక్కరు నువ్వే గదా ఇప్పింది, నీకు తెల్దా? భయపడినాను, భయపడతా ఉండానని వెనకోళ్లకు చెప్పి పోయినా. అంతే మనం చేసింది. నువ్వు స్కూళ్లల్లో పిల్లోళ్లకు వేరే ఏం చెప్తాండావో నాకు తెల్దు."

కాలు తగిలించుకుని, కొట్టు షట్టరు లాగి, నాతో బయల్దేరాడు. ఇద్దరం ధర్మవరం రైలెక్కాం. నేను చెప్పలేకపోతే తను చెబుతాడనే వచ్చాడని నాకు తెలుసు.

ఇంటికి పోయేసరికి పద్మ మగ్గంలోనే ఉంది. నేయడం లేదు. తడిగుడ్డతో చీర మీద ఏదో అద్దుతోంది. మమ్మల్ని చూసి కొంగు కప్పింది. నేను తీశాను. గంధం రంగు చీర, అంచు పక్కన గోరంత ఎర్రటి మరక. తను కూడా వారం రోజులుగా నెత్తురు దాస్తోంది. పెళ్లికూతురి చీర, మరక పడిందంటే తిప్పి పంపుతారని ఒక భయం. నేను ఉద్యోగం చేసి అలిసి వస్తున్నానని ఇంకొకటి.

మగ్గం గుంట అంచున కూర్చుని చెప్పాను. మార్చి నుంచి చెప్పాను. సిరప్పు సంగతి కూడా చెప్పాను. పద్మ గుడ్డ మడతపెడుతూ విన్నది. తిట్టలేదు, ఏడవలేదు. ఓబులేసును చూసి, "కూర్చోన్నా, కాలు నొస్తాది" అంది. లేవబోయి, గుంట లోంచి పైకి రాలేక, చేతులు నేలకు ఆనించి దగ్గింది. ఈసారి దాచడానికి వీలు లేనంత నెత్తురు.

గోడకు అవతలి ఇల్లు ఆమె తమ్ముడు భూషణది. అతను ఆటో తెచ్చాడు. రైలు కోసం ఆగకుండా హిందూపురం దాకా ఆటోలోనే పోయాం. నేను అబద్ధమాడిన చోటికే తీసుకుపోవాలని ఎందుకో పట్టుబట్టాను.

తరువాతి వారాలు నాకు వరుసగా గుర్తు లేవు. ఒక వార్డు తలుపు, దాని బయట సిమెంటు అరుగు. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు. ఎడమ ఊపిరితిత్తి చాలావరకు పాడైంది, చక్కెర ఎక్కువగా ఉండటంతో తొందరగా తినేసింది అన్నాడు. మందులు క్రిములను చంపుతాయి, పోయినదాన్ని తిరిగి తేలేవు అన్నాడు. నా ఛాతీ ఎక్స్‌రే కూడా అదే రోజు తీశారు. నయమైపోయిందన్నారు. అంత సిగ్గుపడాల్సిన మంచి వార్త నేనింకోటి వినలేదు.

సరళ వచ్చి నా పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను. "రెండుసార్లు అడిగితినే అన్నా" అంది. ఇంకోసారి ఆ మాటే, ఇంకా మెల్లగా. లేచి పోయి, పద్మ కోసం ఇంటి నుంచి తెచ్చిన ఉడకబెట్టిన గుడ్లు నర్సుకిచ్చింది.

భూషణ మాత్రం వదల్లేదు. అందరి ముందూ నా చొక్కా పట్టుకున్నాడు. "మా అక్క నిన్ను చేసుకునేటప్పుడు మిలటరీ మొగుడు, అందరినీ కాపాడతాడు అంటిమే బావా! సంపుకుంటివి గదా!" అన్నాడు. ఓబులేసు అడ్డం రాలేదు. నేను వదిలించుకోలేదు. కొట్టి ఉంటే బాగుండేది. చొక్కా వదిలేసి, గోడకు తల ఆనించి ఏడ్చాడు.

గోరంట్లలో ఉన్న కూతురు రోజూ ఫోన్ చేసేది. "నాయనా, అమ్మకెట్లుండాది?" అని అడిగేది. ఒకరోజు మాత్రం, "పాపను తీసుకొని నేను రాలేను నాయనా. మా అత్తోళ్లు వద్దంటాండారు. వాళ్లు చెప్పకపోయినా తీసుకొచ్చేదాన్ని కాదు" అంది. వేసవి సెలవుల్లో ఆ పాప, నా మనవరాలు, మా ఇంట్లో, మిద్దె మీద, నా పక్కనే పడుకుంది. ఆ సంగతి ఆమెకు గుర్తుంది. పాపకు పరీక్ష చేయించారు, ముందుజాగ్రత్త మందులు ఇస్తున్నారు. అల్లుడి ఇంట్లో నా ఫోటో ఉందో లేదో నేను అడగలేదు.

పద్మ దీపావళి తరువాత ఇంటికొచ్చింది. బతికింది. ఇంకెవరైనా ఇది రాసి ఉంటే ఇక్కడితో ఆపేవారేమో. ఆమె వీధి మలుపు దాకా నడవలేదు. మాట్లాడుతూ మధ్యలో ఊపిరి కోసం ఆగుతుంది. మగ్గం మీది చీరను భూషణ వచ్చి పూర్తి చేసి, పోగులు విప్పేశాడు. ఇప్పుడు ఆ గుంట మీద చెక్క పలక కప్పి ఉంది. రాత్రి నిద్రలో ఆమె చేతులు మగ్గం మీద నాడె విసిరినట్టు కదులుతాయి. చూడకుండా ఉండాలని అటు తిరిగి పడుకుంటాను, మళ్లీ ఇటు తిరుగుతాను.

నాతో మామూలుగానే ఉంటుంది. అన్నం తిన్నావా అంటుంది. ఒకరోజు నేను ఆమె కాళ్లు పిసుకుతుంటే అంది, "యుద్ధంలో మీ వెనకున్నోళ్లకు అన్నీ చెప్పి పోతా ఉంటిరంట. ఓబులేసన్న చెప్పినాడు." ఊపిరి తీసుకుంది. "ఇన్నేండ్లు నీ వెనక నేనుంటి గదయ్యా."

ఆమె ఊపిరితిత్తికి బదులుగా ఇవ్వగలిగింది నా దగ్గర ఏదీ లేదు. సరళ దగ్గరికి పోయి, నేను కూర్చున్న ప్రతి మగ్గం గది, ప్రతి ఇల్లు చెప్పాను. మొదట భూషణ ఇంటివాళ్లకు పరీక్ష చేయించాం. అతని భార్యకు ఉన్నట్టు తేలింది, మొదట్లోనే దొరికింది. మాత్రలు మింగుతోంది, నయమవుతుందన్నారు. భూషణ నాతో ఇంకా మాట్లాడడు. కానీ ఆమె నేసేటప్పుడు తలుపు తీసిపెట్టి ఉంచుతున్నాడు. పోగు తెగితే తెగనీ అన్నాడంట.

ఈ మాఘమాసం నుంచి ఫ్యాక్టరీకి సెలవున్న రోజున మా వీధిలో ఇంటింటికీ పోతున్నాను. సరళ పంపిన డబ్బీలు తెస్తాను. పొద్దున్నే కఫం పట్టి ఇస్తే హిందూపురం తీసుకుపోయి పరీక్షకు ఇస్తాను. గడప ముందు నిలబడి నా పేరు, నా జబ్బు, నేను నా భార్యకు చేసింది చెబుతాను. అది చెప్పకుండా డబ్బీ ఇవ్వను. ఓబులేసు పెనుకొండ నుంచి వస్తాడు, నా వెనక నాలుగడుగుల దూరంలో ఉంటాడు. రావద్దంటే, "కాలు ఒగటి ఉండాది గదా ఇంగా" అంటాడు.

అందరూ తలుపు తీయరు. "ఏమప్పా మిలటరీ, మీ యింట్లో పంచింది సాలలేదా, మాకు పంచను వస్తాండావా?" అని ఒకాయన అరుగు మీది నుంచే అన్నాడు. నిజమే కాబట్టి తల దించుకుని పక్కింటికి పోయాను. ఆగస్టు పదిహేనుకు బడిలో ఇంకెవరినైనా పిలవమని చెప్పి వచ్చాను. వాళ్లు ఎందుకని అడగలేదు.

పోయిన ఆదివారం వీధి చివరి ఇంటికి పోయాం. పలక కొట్టే చప్పుడు, మధ్యలో ఆగి దగ్గు. పొడిదగ్గు. ఆ దగ్గు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. తలుపు తట్టాను. అత్తగారు తీసింది, ఓబులేసు చేతిలోని డబ్బీలు చూసింది.

"మాకేం లేదు. పట్టు దుమ్ము. పోండప్పా" అని తలుపు వేసేసింది.

నేను కదలలేదు. మూసిన తలుపుతోనే చెప్పడం మొదలుపెట్టాను. నా పేరు రామాంజనేయులు, నాకు క్షయ వచ్చింది, ఇంట్లో చెప్పలేదు, నా భార్య పద్మకు అంటింది, పట్టు దుమ్మని నేనే అన్నాను, సిరప్పు తాగించాను, ఇప్పుడు ఆమె వీధి మలుపు దాకా నడవలేదు. ఎండ నెత్తికెక్కుతోంది. చుట్టుపక్కల అరుగుల మీద జనం పోగయ్యారు. చెప్పడం అయిపోయింది. ఇంకేం చెప్పాలో తెలియక మళ్లీ మొదటి నుంచి చెబుతున్నాను.

లోపల మగ్గం చప్పుడు ఆగింది. అత్తగారి గొంతు, ఇంకో చిన్న గొంతు, కాసేపు వాదన. గొళ్లెం తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది. మనిషి కనపడలేదు. పట్టు రంగు అంటిన వేళ్లు, రెండు ఎర్ర గాజులు, ఒక చెయ్యి బయటికి వచ్చి అరచెయ్యి చాపింది.

డబ్బీ అందులో పెట్టాను.